దీపము ఎచ్చటికి పోయినది? — ‘గో అవుట్’ అను ఆంగ్ల పదబంధము

ఆంగ్లభాషలో ‘గో’ అనగా పోవుట. ‘అవుట్’ అనగా వెలుపల. ఈ రెండు మాటలును వేంపల్లె బడిలో ఆరవ తరగతి చదువు పిల్లవానికిని తెలియును. అట్టి పిల్లవాని ముందు ‘ది ల్యాంప్ వెంట్ అవుట్’ అను వాక్యమును ఉంచినచో, తనకు తెలిసిన మాటలను కూర్చుకొని, దీపము గడప దాటి వీధిలోనికి పోయినదని చెప్పును. ‘వెంట్’ అనునది ‘గో’కు భూతకాల రూపమే, ‘అవుట్’ అనగా వెలుపలే. పిల్లవాని లెక్కలో తప్పు పట్టుటకు వీలులేదు. అయినను ఆ వాక్యమునకు అర్థము వేరు. దీపము ఎచ్చటికిని పోలేదు, ఉన్నచోటనే ఆరిపోయినది.

ఇది నవ్వి విడిచిపెట్టదగిన చిక్కు కాదు. గ్యాసుతో మండు పొయ్యిలకును, నీళ్ళు కాచు యంత్రములకును ఆంగ్లమున వచ్చు సూచనల కాగితములలో, మంట ‘గో అవుట్’ అయినచో వెంటనే గ్యాసును ఆపవలెనను హెచ్చరిక తరచుగా కానవచ్చును. మంట ఆరి గ్యాసు మాత్రము వెలువడుచున్నచో అది గదిలో నిండి, తరువాత గీచిన అగ్గిపుల్లకు భగ్గుమని అంటుకొనును. హెచ్చరిక అందులకే. మాటకు మాట అర్థము చెప్పుకొన్నవాడు మంట పొయ్యి దాటి వెలుపలికి ఎగసినప్పుడే గ్యాసు ఆపవలెనని తలంచును. మంట కనబడకున్నచో నిశ్చింతగా నుండును. ప్రాణము కాపాడుటకు వ్రాసిన వాక్యము అతనికి తలక్రిందుగా బోధపడినదన్న మాట. మూడక్షరముల తోక యొకటి ఇంతపని చేయగలదు గనుక, దానిని గూర్చి కొంత విచారింతము.

క్రియకు ఒక చిన్న మాటను చేర్చి క్రొత్త అర్థమును పుట్టించుట ఆంగ్లభాషకు పాత అలవాటు. 1755లో తన ప్రసిద్ధ నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునది ఈ కూర్పేయని దాని పీఠికలో చెప్పెను. ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు మాత్రము చాల తరువాత వచ్చినది. 1925లో వెలువడిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథమున లోగన్ పియర్సాల్ స్మిత్ ఆ పేరును వాడి, అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో నొకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించినదని తెలిపెను. మనము తెలుగున పదబంధ క్రియ యని చెప్పుకొందము.

‘అవుట్’ అను మాటలో వెలుపలికి పోవుట, అయిపోవుట అను రెండు భావములును ఇమిడియున్నవి. లోపలి వస్తువు వెలుపలికి పోయినచో లోపల అది లేనట్లే. లేకుండుటకును ముగియుటకును దూరము కొంచెమే. క్రికెట్ ఆటలో మన పిల్లలు ‘ఔట్’ అని కేక వేయునప్పుడు ఈ రెండును కలిసియే వినబడుచున్నవి. ఆటగాని వంతు ముగిసినది. అతడు మైదానము విడిచి వెలుపలికి నడువవలెను. దీపము విషయమున ముగియుట అను భావమే నిలిచినది, నడుచుట పోయినది.

కావున ‘గో అవుట్’ అను పదబంధము కంటబడినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ‘గో అవుట్’ అగుచున్నది ఎవరు, లేక ఏది? కర్తను బట్టి అర్థము మారును.

కర్త మనుష్యుడైనచో, ఇల్లు విడిచి వెలుపలికి పోవుట. ఒక యువకుడును ఒక యువతియు కలిసి ‘గో అవుట్’ అగుచున్నారన్నచో, ఒకరినొకరు ఇష్టపడి కలిసి తిరుగుచున్నారని అర్థము. ఆటల పోటీలో ఒక జట్టు ‘గో అవుట్’ అయినదన్నచో, ఓడి పోటీనుండి తొలగినది. కర్త మంట, నిప్పు, దీపము ఐనచో ఆరిపోవుట. సముద్రపు పోటు ‘గో అవుట్’ అయినదన్నచో, నీరు తీరమునుండి వెనుకకు తీసినది. మన కడప సీమకు సముద్రము దూరమైనను, ఆటుపోట్లు అను మాట మనకు దూరము కాదు. దుస్తుల తీరు ‘గో అవుట్’ అయినదన్నచో, దాని వాడుక తగ్గినది. ఉత్తరములు ‘గో అవుట్’ అయినవన్నచో, కార్యాలయమునుండి అందరికిని పంపబడినవి. ఒకరి హృదయము మరియొకరికై ‘గో అవుట్’ అయినదన్నచో, వారి కష్టమునకు వీరి మనసు కరిగినది. దీపమువలె ‘గో అవుట్’ అయినాడని మనుష్యుని గూర్చి అన్నచో భయపడనక్కరలేదు. తల దిండునకు ఆనిన తోడనే ఒడలెరుగని నిద్రలో మునిగినాడని దాని తాత్పర్యము.

రేడియో గల యిండ్లవారు గమనింపదగిన అర్థము ఇంకొకటి కలదు. ఆకాశవాణివంటి సంస్థలలో ఒక కార్యక్రమము ‘గో అవుట్’ అయినదని ఆంగ్లమున అన్నచో, అది ప్రసారమైనదని అర్థము. అదే పదబంధము దీపమునకు ముగింపును, ప్రసంగమునకు బయలుదేరుటను చెప్పుచున్నది. వాల్వు రేడియోల దినములలో, అద్దము వెనుక చిన్న దీపము వెలిగి, గొట్టములు వేడెక్కిన పిమ్మట శబ్దము వినవచ్చెడిది. కరెంటు ఆగినప్పుడు ఇంటిలో ఆ దీపము ‘గో అవుట్’ అయినను, కేంద్రమునుండి ప్రసంగము ‘గో అవుట్’ అగుచునే యుండెడిది. రెండింటికిని మాట యొకటే. ఒకటి ఆరుట, ఒకటి వ్యాపించుట. ఈ రెండర్థములును ఒక మాటలో తగవు లేక కాపురము చేయుచున్నవనగా, కర్తయే వానిని విడదీసి చూపుచున్నదని గ్రహింపవలెను.

తనంత తాను ఆరిన దీపమునకే ‘గో అవుట్’ చెల్లును. ఎవరైనను ఆర్పినచో అది ‘పుట్ అవుట్’ అగును. ఈ భేదము తెలుగువారికి క్రొత్త కాదు; ఆరు, ఆర్పు అను జంట మనకు ఉండనే యున్నది. గాలికి దీపము ఆరినది. అవ్వ దీపమును ఆర్పినది. మొదటిది ‘గో అవుట్’, రెండవది ‘పుట్ అవుట్’. మాటల వరుసలో మాత్రము ఒక నియమము కలదు. ‘పుట్ అవుట్ ది ల్యాంప్’ అనవచ్చును, ‘పుట్ ది ల్యాంప్ అవుట్’ అనియు అనవచ్చును. దీపము పేరు చెప్పక సర్వనామమును వాడినచో అది నడుమనే నిలువవలెను: ‘పుట్ ఇట్ అవుట్’. ‘పుట్ అవుట్ ఇట్’ అన్నచో ఆంగ్లేయుని చెవికి అన్నములో రాయి తగిలినట్లుండును. ఈ ‘పుట్ అవుట్’కును ఇతరార్థములు కలవు. ఒక సంస్థ ప్రకటనను ‘పుట్ అవుట్’ చేసినదన్నచో వెలువరించినది. ఒకడు ‘పుట్ అవుట్’ అయినాడన్నచో మనసు నొచ్చుకొన్నాడు.

విద్యుద్దీపములు వచ్చిన తరువాత మాటలు కొంత మారినవి. మీట నొక్కి దీపమును ఆపుటకు ఆంగ్లమున ‘స్విచ్ ఆఫ్’, ‘టర్న్ ఆఫ్’ అనుట వాడుక. మన భాషలోను అట్లే జరిగినది. నూనెదీపమును పెట్టుదుము, వెలిగింతుము, ముట్టింతుము. విద్యుద్దీపమును మాత్రము ‘లైటు వేయుము’ అందుము. ఇక కరెంటు ఆగినప్పుడు ఊరంతయు ఒక్క నోట ‘కరెంటు పోయింది’ అనును. దీనినే ఆంగ్లమున ‘కరెంట్ వెంట్’ అని మన పిల్లలు చెప్పుట కలదు. ఆంగ్లేయులకు ఆ వాక్యము సగములో తెగినట్లు తోచును. ‘ది లైట్స్ వెంట్ అవుట్’ అన్నచో వారికి బోధపడును. అమెరికావారు ‘ది పవర్ వెంట్ అవుట్’ అనియు అందురు. మన ‘పోవు’ ఒంటరిగా మోయుచున్న బరువును వారు ‘గో’, ‘అవుట్’ అను ఇద్దరు కూలీలకు పంచినారన్న మాట.

ఇంతవరకును చెప్పినది విని, ఆంగ్లభాష మిక్కిలి చిక్కులమారిదని పాఠకులు అనుకొనవచ్చును. ఆ మాట అనుటకు ముందు మన ఇంటి మాటనే పరీక్షించుకొందము. తీగపై వేసిన బట్టలు ఆరును. కళ్ళములో పోసిన వేరుసెనగ కాయలు ఆరును. కాలిపై పుండు ఆరును. నడచి వచ్చినవాని చెమట ఆరును. దాహమున గొంతు ఆరును. దీపమును ఆరును. ఇవి చాలవన్నట్లు, ఐదునకు తరువాతి సంఖ్యయు ఆరే. పరదేశమునుండి వచ్చినవాడు ‘దీపము ఆరినది’ అను వాక్యమును విని, తడిసిన దీపము ఎండలో పొడియైనదని తలంచినచో, మన వేంపల్లె పిల్లవాని కంటె వాడు తక్కువవాడు కాడు, ఎక్కువవాడును కాడు.

ఇట్టి చిక్కు నిజముగా ఎదుర్కొన్న పరదేశీయుడు మన జిల్లాలోనే యుండెను. 1798లో కలకత్తాలో జన్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1817లో మద్రాసునకు వచ్చి, 1820లో ఉద్యోగియై కడప చేరెను. ప్రజలతో వ్యవహరింపవలసినవాడు గనుక తెలుగు నేర్చెను. నేర్చిన తరువాత దానిని విడువలేకపోయెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. కడపలో బంగళా కొని, పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. 1852లో ఆయన తెలుగు–ఆంగ్ల నిఘంటువు మద్రాసున వెలువడినది. కావ్యములలోని భాషతోపాటు జనుల నిత్యవ్యవహారములోని భాషను గూడ వివరించుట తన ఉద్దేశమని ఆ నిఘంటువు పేరులోనే ఆయన చాటుకొనెను. మాటకు ఎదుట మాట పెట్టి ఊరకుండక, ఆ మాట ఏ వాక్యములో ఎట్లు నిలుచునో చూపుట ఆయన పద్ధతి. ఆయన పేర నెలకొన్న భాషా పరిశోధన కేంద్రము నేడును కడపలో నున్నది. బ్రౌన్ తెలుగునకు చేసిన పనిని మన విద్యార్థి ఆంగ్లమునకు చేసికొనవలెను. నిఘంటువులో ‘గో’ యొక పుటలోను, ‘అవుట్’ ఇంకొక పుటలోను చూచి రెండింటిని అతికించిన లాభము లేదు; ఆ రెండును కలిసి నడచిన వాక్యమును పట్టుకొనవలెను.

ఈ మాట వేంపల్లె పేరెత్తి చెప్పుటకు కారణము కలదు. వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో, 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయపు ప్రాంగణము కలదు. జనులు దానిని ట్రిపుల్ ఐటీ యని పిలుచుచున్నారు. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న పల్లెటూరి బిడ్డలు అచ్చట చేరి ఆరేండ్లు చదువుదురు. బోధన ఆంగ్లమున జరుగును. తెలుగు బడిలో లెక్కలు, విజ్ఞానశాస్త్రములు చక్కగా నేర్చిన పిల్లకు ఆ తరగతిలో శాస్త్రపదములు అంత బాధ కలిగింపవు; ‘వోల్టేజి’, ‘సర్క్యూట్’ అను మాటలకు ఎచ్చటనైనను అర్థమొకటే. ఆ పిల్లను తడబడజేయునవి ‘గో అవుట్’, ‘పుట్ అవుట్’, ‘గో ఆఫ్’, ‘గివ్ అవుట్’ అను చిన్న మాటలే. ఇందు ‘గో ఆఫ్’ మరీ టక్కరిది. దీపము ‘గో ఆఫ్’ అయినదన్నచో వెలుగు ఆగినది. అలారము ‘గో ఆఫ్’ అయినదన్నచో మ్రోగనారంభించినది. పెద్ద మాట తెలియకున్న అడుగుటకు సిగ్గుండదు. చిన్న మాట తెలియకున్న అందరికిని తెలిసినదే యని తలంచి, అడుగక లోలోపల కుములుట కలదు. తెలివిగల బిడ్డ తనకు తెలివి లేదని తలంచుట ఇచ్చటనే మొదలగును. ఇంటిలోని పెద్దలు, తాము ఆంగ్లము ఎరుగకున్నను, ఆ బిడ్డతో ఒక మాట చెప్పవచ్చును: ఆ చిక్కు నీది కాదు, ఆ మాటలది, జాన్సన్ పండితుడే దానిని ఒప్పుకొని యున్నాడు.

నేర్చుకొను ఉపాయము సులభమైనది. ఒక చిన్న పుస్తకములో పుటకొక పదబంధము వ్రాసికొని, దాని క్రింద అర్థమునకు బదులు కర్తలను వ్రాయవలెను. ‘గో అవుట్’ క్రింద మనిషి, దీపము, పోటు, ఉత్తరము, ప్రసంగము, హృదయము. ఒక్కొక్క కర్తకు ఎదుట ఒక చిన్న వాక్యము. అటుపై దాని ప్రక్కను తెలుగు వాక్యము. మాటకు మాట కాక, అదే సందర్భములో మన యింట ఏమందురో అది. ఇట్లు వ్రాసికొనునప్పుడు ఆంగ్లముతోపాటు తెలుగును గూడ క్రొత్తగా తెలిసికొందుము.

ఏలయన, దీపము ఆరినప్పుడు మన పెద్దలు ‘ఆరిపోయింది’ అను మాట నోట రానిచ్చెడివారు కారు. ‘దీపం కొండెక్కింది’ అందురు. ఆర్పవలసి వచ్చినప్పుడు ‘దీపం ఘనం చేయి’, ‘దీపం పెద్దది చేయి’ అందురు. ఇంటిలో బియ్యము అయిపోయినప్పుడు లేవనరు, ‘నిండుకున్నాయి’ అందురు. ఇల్లు విడిచి పోవునప్పుడు ‘పోతాను’ అనరు, ‘పోయివస్తాను’ అందురు, కడప సీమలో అది ‘పొయ్యొస్తా’ అని వినవచ్చును. ‘పోయినాడు’ అను మాటకు మరణార్థము కూడ నున్నది గనుక, రాకను పోకకు ముడివేసి వాకిలి దాటుదురు. చూడుడు: ఆంగ్లేయుడు మనుష్యుడు వెలుపలికి పోవుటకును దీపము ఆరుటకును ‘గో అవుట్’ అను ఒక్క మాట వాడినాడు, మన పెద్దలు ఆ రెండు తావులందును అశుభపు నీడను గమనించి, రెండింటిని మెత్తని మాటతో కప్పినారు. ఆంగ్లమున ఆరుటను చెప్పు వాక్యము వార్త నిచ్చును. తెలుగు వాక్యము వార్తతోపాటు ఒక ప్రార్థనను గూడ చేర్చును. ‘కొండెక్కు’ మాట సహితము కర్తను బట్టి మారునదే. దీపము కొండెక్కిన ఆరుట. ధరలు కొండెక్కిన పెరుగుట. మనుష్యుడు కొండెక్కి కూర్చున్నచో బెట్టు చేయుట.

ఈ భేదములన్నియు ఒకసారి ఒక్క వాక్యములో కలిసినవి; అది రేడియోలో పలికిన వాక్యము. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము ఢిల్లీలో గాంధీజీ హత్య జరిగిన కొలది గంటలకు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆకాశవాణిలో ఆంగ్లమున మాట్లాడెను. మన జీవితములనుండి వెలుగు ‘గో అవుట్’ అయినదని మొదట చెప్పెను. కొంతసేపటికి తన మాటను తానే దిద్దుకొని, వెలుగు పోయినదంటిని గాని అది పొరపాటు, అది సామాన్యమైన వెలుగు కాదు, వేయి సంవత్సరముల తరువాతను ఈ దేశమున అది కనబడుచుండును అను భావము పలికెను.

దీనిని తెలుగు చేయువాడు ఒక్క క్షణము ఆగవలెను. ‘మన జీవితములనుండి’ అను మాట ఉన్నందున, ‘గో అవుట్’ ఇచ్చట మనుష్యుని విషయమున వలె విడిచిపోవుటను చెప్పుచున్నది. కర్త వెలుగు గనుక ఆరిపోవుటను గూడ చెప్పుచున్నది. ఆంగ్లమున రెండును ఒకే ఊపిరిలో వినబడును. తెలుగున ‘తొలగిపోయినది’ అన్నచో ఎడబాటు నిలుచును గాని చీకటి రాదు. ‘ఆరిపోయినది’ అన్నచో చీకటి వచ్చును గాని, మనలను విడిచిపోయిన ఆత్మీయుడు కనబడడు. ఏదో యొకటి వదలుకొనక తప్పదు. తరువాతి దిద్దుబాటును దృష్టిలో నుంచుకొన్నచో, ‘ఆరిపోయినది’ అనుటయే మేలని మా అభిప్రాయము. ఆరినదని చెప్పినవాడే ఆరలేదని దిద్దుకొనవలెను. తొలగినదని మొదట చెప్పినచో, తరువాత దిద్దుటకు బలము చాలదు.

గంభీర సందర్భమున ఇంటి మాట పనికిరాదని ‘కొండెక్కినది’ అనుటకు ఏ అనువాదకుడును సాహసింపడు. అయినను ఆ మాటను ఒకసారి తలంపక విడువలేము. పాపఘ్ని యొడ్డున నున్న వేంపల్లెనుండి గండి వైపునకు చూచినచో కొండలు కానవచ్చును. ఇంటిలోని దీపము ఇంటివారికే వెలుగు. కొండమీది దీపము చుట్టుప్రక్కల పల్లెలన్నిటికిని కనబడును. మన అవ్వలు వంటయింటి దీపము ఆరినప్పుడు చెప్పుచు వచ్చిన ఆ చిన్న మాటలో, ఆంగ్లవాక్యమునకు తరువాత చేర్చవలసి వచ్చిన దిద్దుబాటు ముందుగానే ఇమిడియున్నది.